గీతబల్ల ఎస్తేరు

పెడనలో అద్దకం పని తెలిసినవాళ్ళు ఏ వీధిలో కేకేసినా పలుకుతారు. తీగ మూయగలిగినవాళ్ళు మాత్రం ఊరంతా గాలించినా అరుదుగా దొరుకుతారు. తీగ మూయడమంటే ఏమిటో ముందు చెప్పుకోకపోతే ఎస్తేరు గొప్ప ఎవరికీ అంతుపట్టదు.

దుప్పటి అంచుల వెంట ఆకులతో, చిలకలతో ఒక తీగ పాకుతుంది. దాన్ని చెక్క అచ్చుతో వేస్తారు. అచ్చును నల్లరంగు తట్టలో అద్ది, గుడ్డ మీద ఆనించి, గుప్పిటతో ఒక్క గుద్దు గుద్ది తీస్తారు. దాని పక్కనే ఇంకోటి, ఆ పక్కనే మరోటి. అలా ఒక మూలన బయల్దేరిన తీగ నాలుగంచులూ చుట్టి, మళ్ళీ బయల్దేరిన ఆకు దగ్గరికే వచ్చి కలుసుకోవాలి. అదే తీగ మూయడం. ఒక్కో గుద్దుకు వెంట్రుకవాసి పక్కకు జరిగినా, చివరికి వచ్చేసరికి అవన్నీ పోగుపడి తీగ కలవదు. కలవని చోట పనివాళ్ళు గుట్టుచప్పుడు కాకుండా ఒక పువ్వు అద్దేస్తారు. కొనేవాళ్ళు పువ్వు ఎంత ముద్దుగా ఉందో అని మురిసిపోతారు. తెలిసినవాళ్ళు ఆ పువ్వును చూసి మీసాల్లో నవ్వుకుంటారు.

వెంకటాద్రి గారి షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పువ్వు పెట్టకుండా తీగను తీగతోనే కలిపినవాళ్ళకే గీతబల్ల. గీతబల్ల అంటే మొదటి బల్ల. నల్లగీత అక్కడ పడ్డాకే మిగతా రంగులవాళ్ళు చెయ్యి పెడతారు. గీత వంకరైతే ఎరుపూ వంకరే, పసుపూ వంకరే. అందుకే ఆ బల్ల దగ్గర నిలబడే మనిషికి షెడ్డులో ఒక దర్జా. వెంకటాద్రి గారు ఎవరినీ మెచ్చుకోని మనిషి. బాగున్న పనిని చూసి ఆయన చేసే పెద్ద ప్రశంస ఏమిటంటే నోరు మూసుకుని వెళ్ళిపోవడం.

ఆ బల్ల దగ్గర ఎస్తేరు చాలా ఏళ్ళు నిలబడింది. దివిసీమలో కోడూరు పక్క పిల్ల. పెడన, బందరు మధ్య షేర్ ఆటో నడిపే అబ్బులును కట్టుకుని ఇటు వచ్చింది. మొదట కాలవ దగ్గర గుడ్డలు జాడించే పనిలో చేరి, తర్వాత పసుపు, ఆ తర్వాత ఎరుపు, చివరికి గీత. ఊళ్ళో ఆమె పేరే గీతబల్ల ఎస్తేరు అయిపోయింది. చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచినా వెనక నుంచి ఎవరో ఒకరు ఆ పేరే అనేవారు. ఆమె కోపం నటించేది గానీ లోపల పొంగిపోయేది.

అలాంటి ఎస్తేరుకు ఒక ఎండాకాలం గొంతులు వినపడటం మొదలైంది.

ఇద్దరు మగాళ్ళు. మనుషులు కనపడరు. ఆమె ఏం చేస్తే అది, క్రికెట్ ఆటకు వ్యాఖ్యానం చెప్పినట్టు, చెబుతూ ఉంటారు. ఇదిగో అచ్చు తీసింది, ఇదిగో పెట్టింది, వంకరగా పెట్టింది, ఈమెను పనిలోంచి తీసేస్తారు చూడు అంటారు. కొన్నాళ్ళకు ఈ సంగతులన్నీ ఆ మగాళ్ళకు మోస్తున్నది తాను అద్దిన చిలకలేనని ఆమెకు రూఢి అయిపోయింది. ఒకరోజు ఎరుపు అద్దే శివ షెడ్డులోకి వచ్చి చూస్తే, ఆరేసిన దుప్పట్ల మీద ఉన్న చిలకలన్నిటికీ ముక్కుల మీద నల్లరంగు పులిమి ఉంది. ఎస్తేరు వాటి నోళ్ళు మూసేసింది.

మనవాళ్ళ సంగతి తెలిసిందేగా. కాలు విరిగితే జాలిపడతారు, బుర్ర విరిగితే చూడటానికి వస్తారు. దెయ్యం అన్నవాళ్ళు కొందరు, చేతబడి అన్నవాళ్ళు కొందరు, మొగుడు మంచివాడు కాదేమోనని చెవులు కొరుక్కున్నవాళ్ళు కొందరు. నయం, వాళ్ళ పాస్టరు దైవాధీనం గారు బుద్ధిమంతుడు. ప్రార్థన చేసి, అబ్బులును బయటికి పిలిచి, ప్రార్థన సంగతి తాను చూసుకుంటానని, డాక్టరు సంగతి అతన్ని చూడమని చెప్పారు. ఆ మాట కోసమే కాచుకున్నట్టు అబ్బులు ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని బందరు తీసుకెళ్ళాడు.

అక్కడి పెద్ద డాక్టరు గారు హాలోపెరిడాల్ అనే బిళ్ళ రాశారు. పాత మందు, గట్టి మందు. ఆ మందుకు దణ్ణం పెట్టాల్సిందే. కొన్ని వారాలకు ఆ మగాళ్ళిద్దరి గొంతులూ దూరమై, గుసగుసలై, ఒకనాటికి ఆగిపోయాయి. ఎస్తేరు తన బుర్రలో తాను ఒక్కతే ఉండటం ఎలా ఉంటుందో మళ్ళీ తెలుసుకుంది. చిలకలు చిలకల్లాగే కనిపించాయి.

అయితే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది. చేతులు బిగుసుకుపోవడం మొదలెట్టాయి. బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే ఒకదాన్నొకటి రుద్దుకుంటూ వణికేవి. నడిస్తే చేతులు ఊగేవి కావు. మొహం మీద నవ్వు పుట్టేది కాదు, లోపల నవ్వొచ్చినా. అబ్బులు జోకు వేసి ఆమె మొహం కేసి చూసి, తన జోకు పాతబడిందేమో అనుకునేవాడు. నెలసరి కూడా ఆగిపోయింది. పక్కింటావిడ నెల తప్పావా అని గుచ్చిగుచ్చి అడిగితే ఎస్తేరుకు చచ్చినంత సిగ్గేసింది.

షెడ్డుకు తిరిగి వెళ్ళి గీతబల్ల దగ్గర నిలబడిన మొదటి రోజే సంగతి బయటపడింది. అచ్చు ఆనించేటప్పటి వణుకు గుడ్డ మీద రెండో గీతలా పడింది. వెంకటాద్రి గారు ఏమీ అనలేదు. ఈసారి అది మెప్పు కాదు. మర్నాటి నుంచి గీతబల్ల శివకు వెళ్ళింది, ఎస్తేరు కాలవకు వెళ్ళింది. ఏ పనితో షెడ్డులో అడుగుపెట్టిందో ఆ పనికే తిరిగొచ్చింది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి శివ వేసిన తీగల్ని జాడిస్తూ, ప్రతి మూలనా ఒక పువ్వు చూసేది. చూసి ఏడ్చేది. మొహం బిగుసుకుపోయింది కాబట్టి ఏడుస్తున్నట్టు కూడా ఎవరికీ తెలిసేది కాదు.

నెలకోసారి బందరు డాక్టరు గారు గొంతులు వినపడుతున్నాయా అని అడిగేవారు. లేదండీ అనేది. చేతుల సంగతి ఆయనకు ఆమె చెప్పనే లేదు. ఆయన బుర్ర డాక్టరు, చేతుల సంగతి ఆయనకెందుకు అనుకుంది. గుడ్డకు రంగు పట్టించే పటిక నీళ్ళలో ఏళ్ళ తరబడి నానిన చేతులు కదా, పట్టేసి ఉంటాయిలే అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

మరుసటి వేసవిలో కోడూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు బిళ్ళల సంచీ ఇంట్లోనే మరిచిపోయింది. పెళ్ళి, పెళ్ళి తర్వాత జ్వరం, అలా చాలా రోజులు అక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చే ముందు ఒకనాడు పీతల కూరలో డెక్కలు చిదుపుతూ తన వేళ్ళ కేసి చూసుకుంది. వణకడం లేదు. చేతులు ఆమె మాట వింటున్నాయి.

ఎస్తేరుకు అక్కడ ఒక ఆలోచన పుట్టింది. అద్దకం పనివాళ్ళకు తప్ప మరొకరికి పుట్టని ఆలోచన. గుడ్డను ఉడకబెట్టాక కాలవలో జాడిస్తారు. మొదట నీళ్ళు ఎర్రగా పోతాయి. జాడించగా జాడించగా నీళ్ళు తేటగా వస్తాయి. తేట నీళ్ళు వచ్చాయంటే రంగు నిలబడిపోయినట్టే, ఇంక ఆ గుడ్డకు రంగు పట్టించే పని లేదు. తన బుర్ర కూడా అంతేననుకుంది. మందు పట్టాల్సినంత పట్టింది, గొంతులు రావడం లేదు, నీళ్ళు తేటగా వస్తున్నాయి. ఇంక మందెందుకు? ఇంటికొచ్చి బిళ్ళలు అలమర వెనక పడేసింది. అబ్బులుకు చెప్పలేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్న సామెత ఊరికే పుట్టలేదు.

కొన్నాళ్ళు స్వర్గం చూసింది. చెయ్యి తిరిగొచ్చిందని వెంకటాద్రి గారికి ఒక ముక్క అద్ది చూపించింది. ఆయన దాన్ని వెలుతురులో పట్టుకుని చూసి, నోరు మూసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు గీతబల్ల ఆమెదయింది. ఆ రోజుల్లో ఆమె వేసిన గీతను చూసి శివే అన్నాడు, నువ్వు కాలవలో ఉన్నన్నాళ్ళూ పువ్వులతో నా తప్పులు కప్పుకోవడమే సరిపోయింది, ఇప్పుడు ఎరుపు అద్దడం తప్ప నాకు పనే లేదని.

తర్వాత ఒకనాడు అచ్చు ఎత్తబోతుంటే, చెవి పక్కన ఎవరో నెమ్మదిగా అన్నారు, ఇదిగో అచ్చు తీసింది.

ఆ తర్వాతి రోజుల గురించి ఎక్కువ చెప్పడం బాగోదు. బల్ల మీద పరిచిన గుడ్డంతా నల్లగా పులిమి, చెప్పులైనా లేకుండా అవనిగడ్డ బస్సెక్కింది. మిట్టమధ్యాహ్నం పులిగడ్డ దగ్గర రోడ్డు పక్కన కూర్చుని కృష్ణ కేసి చూస్తూ ఉండగా అబ్బులుకు దొరికింది. తిడతాడనుకుంది. అతను తిట్టలేదు. పక్కన కూలబడి తనూ నది కేసి చూశాడు. ఇంటికి పోదామా అని అడిగాడు. అప్పుడు ఎస్తేరు ఏడ్చింది. ఆ ఏడుపు మొహం మీద కనిపించింది.

బందరు డాక్టరు గారు ఆ మధ్యే ప్రాక్టీసు చాలించి కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. పాస్టరు గారు విచారించి గుడివాడలో ఒక డాక్టరమ్మ ఉందని చెప్పారు. పేరు లహరి. బస్టాండు ఎదురుగా మేడ మీద ఆసుపత్రి. కిటికీలోంచి చూస్తే బస్సులన్నీ కనిపిస్తాయి. వయసు చిన్నదే గానీ ఓపిక పెద్దది. ఎదుటి మనిషి మాట పూర్తయ్యేదాకా కలం ముట్టుకోదు. ఆమె ముందు రక్తపరీక్షలకు రాసి, తాత్కాలికంగా పాత బిళ్ళనే తక్కువ మోతాదులో మళ్ళీ మొదలెట్టింది. గొంతులు కాస్త వెనక్కి తగ్గాక, స్థిమితంగా మాట్లాడటానికి ఇద్దరినీ మళ్ళీ రమ్మంది.

రెండోసారి వచ్చినప్పుడు ఎస్తేరు దాచకుండా మొత్తం చెప్పింది. చేతులు, మొహం, నెలసరి, మానేసిన బిళ్ళలు, తేట నీళ్ళు, అన్నీ. చెప్పి, ఒళ్ళో పెట్టుకున్న చేతుల కేసి చూసుకుంటూ అడిగింది.

"బిళ్ళ ఏసుకుంటే బుర్ర ఉంటది, చెయ్యి పోద్ది. మానేత్తే చెయ్యి ఉంటది, బుర్ర పోద్ది. చెయ్యి పోయాక ఆ బుర్ర పెట్టుకుని నేనేం చేసుకోనండీ? నాకు రెండూ కావాలండీ."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. అబ్బులు తల దించుకున్నాడు. డాక్టరమ్మ మాత్రం తల ఊపింది. అది అడగాల్సిన ప్రశ్నేనని, ఆమె ఇంతకుముందే అడిగి ఉండాల్సిందని అంది. తర్వాత కుర్చీ కిటికీ దగ్గరికి జరిపి, కింద బస్టాండు చూడమంది.

కింద ఉయ్యూరు బస్సు వచ్చి ఆగుతోంది. ఇంకా ఆగనే లేదు, జనం కిటికీల్లోంచి కర్చీఫులు, తువ్వాళ్ళు, చేతిసంచులు సీట్ల మీద విసిరేస్తున్నారు. తలుపు దగ్గర తోసుకుని ఎక్కినవాళ్ళకు ఒక్క సీటూ ఖాళీ లేదు. అన్నిటి మీదా ఏదో ఒక గుడ్డముక్క ఉంది.

మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉంటుందని, అది ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు మోసే ప్రయాణికుడిలాంటిదని డాక్టరమ్మ చెప్పింది. ఆ ప్రయాణికుడు కూర్చోవడానికి ప్రత్యేకంగా సీట్లు ఉంటాయి. వాటినే రిసెప్టర్లు అంటారు. సీట్లో కూర్చుంటేనే కబురు అందుతుంది. ఎస్తేరు బుర్రలో ఒక రూటులో డోపమిన్ జనం కిక్కిరిసి ఎక్కుతున్నారు. ఏ అర్థమూ లేని చిన్న సంగతికి కూడా అదేదో పెద్ద కబురన్నంత గోల అవుతోంది. గొంతులూ, చిలకల మీద అనుమానమూ అలా వచ్చాయి. పాత మందు చేసే పని ఆ సీట్ల మీద కర్చీఫ్ వేయడం. కర్చీఫ్ తాను ప్రయాణం చెయ్యదు, ఏ కబురూ మొయ్యదు. ఊరికే సీటు ఆపుతుంది. డోపమిన్ వచ్చి చూసి, సీటు లేదని వెనక్కి పోతుంది. గోల తగ్గుతుంది.

"బానే ఉందిగా మరి," అన్నాడు అబ్బులు. ఆటోవాడు కదా, సీట్ల సంగతి అతనికి ఇట్టే ఎక్కింది. "చేతులెందుకు పట్టేసినియ్యండీ?"

మందుకు రూటు బోర్డు చదవడం రాదు, అదే చిక్కంది డాక్టరమ్మ. చేతుల్ని, నడకని, మొహాన్ని ఆడించే రూటులో నడిచేదీ డోపమినే, అక్కడున్నవీ అవే సీట్లు. పాత మందు అక్కడా కర్చీఫులు వేసింది, అదీ ముడేసి కట్టినట్టు. ఆ రూటులో జనం ఎక్కక బస్సు ఖాళీగా తిరిగింది, చేతులు బిగిసిపోయాయి. నెలసరిని అదుపులో ఉంచే రూటు ఇంకొకటుంది, అక్కడా అదే జరిగింది. మూడింట రెండు వంతుల సీట్లు ఆపితే గోల తగ్గడానికి చాలు. అంతకు బాగా మించి ఆపితే చేతులకు ఎసరు. పాత మందుతో ఆ రెండిటి మధ్యా సందు చాలా ఇరుకు.

ఎస్తేరుకు పక్కింటావిడ గుచ్చిన గుచ్చుడుకు ఇన్నాళ్ళకు జవాబు దొరికింది. చేతులు పాడైంది పటిక వల్ల కాదు, తన పాపం వల్ల అంతకన్నా కాదు. ఆ ఒక్క సంగతికే ఆమెకు గుండె మీంచి బండ దింపినట్టయింది.

అప్పుడు ఆమె తనకు తోచింది అడిగింది. పటిక అద్దిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, అద్దని చోట ఎంత ఉడకబెట్టినా జాడిస్తే పోతుంది. ఆ సీట్లు గుడ్డ మీద పటిక అద్దిన చోట్లలాంటివా అని. డాక్టరమ్మ మొహం వెలిగింది. అచ్చంగా అంతేనంది. అని, వెంటనే వేలెత్తి ఒక మాట అంది.

"ఒక్కచోట మాత్రం మీ లెక్క తప్పింది ఎస్తేరు గారూ. గుడ్డ మీద రంగు నిలబడిపోతుంది. ఒంట్లో మందు నిలబడదు. లోపల కాలవ ఆగకుండా పారుతూనే ఉంటుంది, రోజూ కడిగేస్తూనే ఉంటుంది. అందుకే రోజూ అద్దాలి. మీకు తేట నీళ్ళు వచ్చింది రంగు నిలబడి కాదండీ, రంగు మొత్తం పోయి."

ఆ మాట ఎస్తేరుకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. మందు మానొద్దని అంతకుముందు చాలామంది చెప్పారు. ఎందుకు మానకూడదో తన పని భాషలో చెప్పింది మాత్రం ఈ డాక్టరమ్మే.

కొత్త మందు పేరు క్వెటియాపిన్. ఇదీ డోపమిన్ సీటు మీద కర్చీఫే వేస్తుంది గానీ ముడెయ్యదు. కాసేపు కూర్చుని, అసలు ప్రయాణికుడు వచ్చి గట్టిగా అడిగితే లేచి చోటిస్తుంది. పైగా ఇంకో పని చేస్తుంది. చేతుల రూటు మీద సెరటోనిన్ అనే ఇంకో పదార్థం పెత్తనం ఉంది. డిపోలో గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్న అధికారిలాగా అది డోపమిన్ జనాన్ని ఎక్కువమందిని బయటికి వదలదు. కొత్త మందు ఆ అధికారి కుర్చీ మీదా కర్చీఫ్ వేసేస్తుంది. గేటు కాస్త తెరుచుకుంటుంది, చేతుల రూటుకు చాలినంత జనం దొరుకుతారు. ఇప్పటికి తెలిసిన మేరకు ఇదీ సంగతని, మెదడులో తెలియంది ఇంకా చాలా ఉందని కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఈ మందుకూ తన పేచీలు తనకున్నాయంది. మొదట్లో నిద్ర ముంచుకొస్తుంది, ఒళ్ళు రావచ్చు, షుగరు పెరగవచ్చు, కాబట్టి తూకమూ రక్తమూ చూస్తూ ఉండాలి. అందరికీ ఒకే మందు పడదని, పడకపోతే ఇంకోటి చూద్దామని అంది.

పాతది కొంచెం కొంచెం తగ్గిస్తూ, కొత్తది కొంచెం కొంచెం పెంచుతూ మార్చారు. మొదట్లో ఎస్తేరు కూర్చున్నచోటే తూలేది. పెందలాడే బిళ్ళ వేసుకుని, పొద్దున నడక అలవాటు చేసుకున్నాక మత్తు లొంగింది. అన్నం తగ్గించమన్నారని అబ్బులు తన అన్నం కూడా తగ్గించాడు. అది ప్రేమ అని చర్చిలో అందరికీ చెప్పాడు. ఆటో స్టాండులో ఇడ్లీలు లాగించిన సంగతి చెప్పలేదు.

చెయ్యి ఒక్కసారిగా తిరిగి రాలేదు. బీటలు వారి మూలన పడేసిన పాత అచ్చు ఒకటి వెంకటాద్రి గారిని అడిగి తెచ్చుకుంది. ఇంట్లో నాపరాళ్ళ నేల మీద, రంగు బదులు నీళ్ళలో ముంచి అద్దేది. నీటి తీగ గోడ వెంట బయల్దేరేది. గది చుట్టి వచ్చేలోగా మొదటి ఆకులు ఆరిపోయేవి. అలా ఎన్నిసార్లు తప్పు చేసినా నేల ఏమీ అనదు. మొదట్లో తీగ తాగినవాడి నడకలా పోయేది. నాట్లు పడి, పైరు దుబ్బు కట్టేసరికి తిన్నబడింది. పొట్టకొచ్చేసరికి ఒకరోజు అబ్బులు గుమ్మంలో నిలబడి, కాలు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే ఉండిపోయాడు. నేలంతా తడి ఆకులే. ఎస్తేరు తలెత్తి అతన్ని చూసి నవ్వింది. బిగుసుకుపోయిన ఆ మొహం మీద నవ్వు మళ్ళీ కనిపించడంతో అబ్బులు గుమ్మం బయటే కూర్చుండిపోయాడు. గొంతులు లేవు, వణుకూ లేదు. నెలసరి కూడా దారిలో పడింది.

అయితే గీతబల్ల అడిగితే వచ్చేది కాదు. ఒకసారి పోయి, తిరిగొచ్చి, గుడ్డంతా పాడుచేసి మళ్ళీ పోయిన మనిషికి వెంకటాద్రి గారు మూడోసారి ఎందుకిస్తారు? ఆ మాట ఆయన అననే అన్నారు. నీ మీద జాలి ఉంది గానీ, జాలితో తీగ కలవదు కదమ్మాయ్ అన్నారు. ఎస్తేరు ఆయన్ని తప్పుపట్టలేదు. ఆమె ఆయన చోట ఉన్నా అదే అనేది.

అదే సమయానికి షెడ్డుకు ఒక పెద్ద తెర పని వచ్చింది. గోడ నిండా వేలాడే తెర, చుట్టూ చిలకల తీగ. తెప్పించుకునేవాళ్ళు పని తెలిసినవాళ్ళే అయ్యుండాలి, మూలల్లో పువ్వు ఉండకూడదని ముందే షరతు పెట్టారు. శివ రెండు తెరలు వేసి రెండూ చెడగొట్టాడు. మూడోదానికి అచ్చు కింద పెట్టేసి, ఇది తన వల్ల కాదని, ఎస్తేరక్క వల్ల అవుతుందని వెంకటాద్రి గారితో తనే చెప్పాడు. చిన్నవాడైనా ఆ మాట అనడానికి గుండె కావాలి. వెంకటాద్రి గారు మెడ రుద్దుకున్నారు. ఒక్క తెర, తీగ మూస్తే బల్ల నీది, మూయకపోతే ఇంక అడగొద్దు అన్నారు.

మర్నాడు పొద్దున్నే ఎస్తేరు బల్ల దగ్గర నిలబడింది. చెయ్యీ, బుర్రా రెండూ వెంట తెచ్చుకున్నానా అని తనలో తాను ఒకసారి తడుముకుంది. రెండూ ఉన్నాయి. అచ్చు ముంచి, ఆనించి, గుద్దింది.

మొదటి అంచు నడిచింది. రెండో అంచు నడిచింది. మిగతా బల్లల వాళ్ళు తమ పని చేస్తున్నట్టు నటిస్తున్నారు గానీ షెడ్డులో గుద్దు వినిపిస్తున్నది ఒక్క చోట నుంచే. మూడో అంచు మధ్యలో ఆమె చెయ్యి ఆగిపోయింది. అచ్చు గాల్లోనే ఉంది. శివ లేవబోయి కూర్చున్నాడు. ఎస్తేరు చెవి రిక్కించి విన్నది. కాలవ నీళ్ళ చప్పుడు, గుడ్డలు ఉడికే రాగి గాబు కింద పుల్లలు చిటపటలాడే చప్పుడు, దూరంగా గుడ్లవల్లేరు వైపు పోతున్న రైలు కూత. అంతే. ఇంకెవరూ ఏమీ అనడం లేదు. భయపడింది చెయ్యి కాదు, తనే. ఆ తేడా ఆమెకు ఇప్పుడు తెలుసు. చెయ్యి దించి, అచ్చు తుడిచి, మళ్ళీ రంగులో ముంచి, ఎక్కడ ఆపిందో అక్కడే ఆనించింది.

నాలుగో అంచు చివర తీగకూ మొదటి ఆకుకూ మధ్య ఒక్క అచ్చు పట్టేంత చోటు మిగిలింది. ఒక్క అచ్చే, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎస్తేరు గుప్పిట గాల్లోకి లేచి దిగింది.

అయితే అప్పుడే సంబరపడకూడదని అద్దకం వాళ్ళకు తెలుసు. ఉడికి, జాడించి, ఆరితే గానీ అసలు రూపు తేలదు. శివ ఎరుపు కోసం పటిక అద్దాడు. ఆ రోజు అతని చెయ్యి కూడా ఎన్నడూ లేనంత తిన్నగా పోయింది, గీత తిన్నగా ఉంటే ఎరుపుకు భయమెందుకు. గాబులో ఉడికింది. కాలవలో జాడించే పని ఎస్తేరు ఇంకెవరికీ ఇవ్వలేదు, తనే నీళ్ళలో దిగింది. నీళ్ళు ఎర్రగా పోయి, గులాబీగా పోయి, తేటగా వచ్చాయి. నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని తెరను గట్టు మీది గడ్డిలో పరిచారు.

ఎండ దాని మీద పడింది. నల్లటి గీతలో ఎర్రటి చిలకలు ముక్కులు తెరిచి, తీగ వెంట ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి.

వెంకటాద్రి గారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, వెంటనే మళ్ళీ కళ్ళ మీదికి దించారు. పంచె ఎగ్గట్టి, తెర చుట్టూ ఒంగి నడవడం మొదలెట్టారు. ఒక మూల దగ్గర ఆగి వేలితో తడిమారు. కాదనుకుని ఇంకో మూలకు వెళ్ళారు. ఇటు నుంచి వెళ్ళినవారు అటు నుంచి తిరిగొచ్చారు. ఆయన వెనక శివ, శివ వెనక పసుపు బల్ల వాళ్ళు, ఆటో ఆపేసి వచ్చిన అబ్బులు, అందరూ ఒంగి అతుకు కోసం గాలిస్తున్నారు. తీగ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఒక్కరికీ దొరకలేదు.

చివరికి ఆయన నడుం పట్టుకుని నిలబడ్డారు. జీవితంలో ఏ పనివాడినీ అడగని మాట అడిగారు.

"ఎక్కడ మూసావే అమ్మాయ్?"

ఎస్తేరు తడి చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. చోటు చూపించడానికి చెయ్యి చాపబోయి, ఆగి, వెనక్కి తీసుకుంది.

"ఎతుక్కోండి బాబాయిగారూ."

వెంకటాద్రి గారు మళ్ళీ ఒంగారు.